తుపాకమ్మ కొలిచిన జ్వరాలు

మా స్కూలు గేటు దగ్గర రెండేళ్ళపాటు జ్వరాలు చూసిన ఆయమ్మకి పిల్లలు పెట్టుకున్న పేరు తుపాకమ్మ. చేతిలో తెల్లటి ప్లాస్టిక్ తుపాకీలాంటి థర్మామీటరు, మొహానికి ఒకదాని మీద ఒకటి రెండు మాస్కులు, ఆ పైన నిద్ర చాలని రెండు కళ్ళు. మొదట్లో ఆ పేరు వింటే ఆమెకి ఒళ్ళు మండేది. "పందొమ్మిదేళ్ళు వీళ్ళ ముక్కులు తుడిచాను, ఒక్కరికీ నాకో పేరు పెట్టాలని తోచలేదు. చేతికి తుపాకీ రాగానే పేరొచ్చింది" అనేది. తర్వాత్తర్వాత పిల్లలు రెండు చేతులూ పైకెత్తి "కాల్చొద్దు తుపాకమ్మా" అని ఎదురుగా నిలబడితే, "పో, ఈ పూటకి వదిలేశా" అనడం నేర్చుకుంది.

నేను అదే స్కూలు ఆఫీసులో గుమస్తాని. నా కిటికీకీ గేటుకీ మధ్య ఆరడుగులు. ఆమె తుపాకీ పెట్టి అంకె చెబుతుంది, నేను కిటికీలోంచి విని రిజిస్టరులో రాస్తాను. మూడు వందల పన్నెండు మంది పిల్లలు, పదకొండు మంది టీచర్లు, ప్రతి పొద్దునా. తొంభై తొమ్మిది దాటితే ఇంటికి పంపెయ్యాలి, మూడు రోజులు రాకూడదు. అది పైనుంచి వచ్చిన రూలు. పైవాళ్ళకేం, రూలు రాసేసి చేతులు దులుపుకున్నారు. వెనక్కి పంపిన పిల్లని ఏ ఇంట్లో, ఎవరి దగ్గర వదలాలో ఆ కాగితంలో ఎక్కడా లేదు. నేను రెండుసార్లు చదివి మరీ చెబుతున్నాను.

ఆ తుపాకీ ఆమె చేతికి వచ్చిన తీరు కూడా చెప్పాలి. ఏడాదిన్నర మూతపడ్డ స్కూలు మళ్ళీ తెరిచే ముందు పెద్ద మేడం అందర్నీ కూర్చోబెట్టి, గేటు దగ్గర ఎవరు నిలబడతారు అని అడిగింది. ఎవరి చెప్పులు వాళ్ళు చూసుకున్నారు. అబద్ధమెందుకు, నా చెప్పులు నేనూ చూసుకున్నాను. గాలి ఆడాలని కిటికీలు తెరవడానికి వచ్చిన ఆయమ్మ ఆఖరి కిటికీ దగ్గర ఉండగా పెద్ద మేడం కళ్ళు ఆమె మీద పడ్డాయి. "ఆయమ్మా, నువ్వయితే పిల్లలు మాట వింటారు" అంది. వినడం మాట దేవుడెరుగు, ఆ పనికి మనిషి దొరికిందని గదిలో అందరం హాయిగా ఊపిరి పీల్చుకున్నాం. మాస్కుల లోపల ఎవరు నవ్వారో ఎవరికీ కనపడలేదు.

ఆమెకి యాభై ఏడేళ్ళు. భర్త పోయి చాలాకాలం. దర్జీ కొట్టు వెనక ఒక గదిలో ఒక్కతే ఉంటుంది. కొడుకు లారీ నడుపుతాడు, ఎక్కడ ఆగితే అక్కణ్ణించి ఫోను చేస్తాడు. స్కూలు సిబ్బందిలో అందర్నీ మీరు మీరు అనే మనిషి నన్ను మాత్రం 'ఆఫీసమ్మా' అని పిలిచి 'నువ్వు' అంటుంది. నేను పనిలో చేరిన మొదటివారం, పెద్ద మేడం తిట్టిందని స్టోరు గదిలో ఏడుస్తూ ఆమె కంట పడ్డాను. అప్పట్నుంచి నేను ఆమె లెక్కలో చిన్నపిల్లనే.

పని గేటు దగ్గరే అయిపోతే బాగుండేది. పది గంటలకి గేటు మూసి బకెట్ పట్టుకునేది. తలుపుల గడియలు, కుళాయిలు, మెట్ల కమ్మీలు తుడవాలి. ఇంటర్వెల్లో మాస్కుల గోల. బొమ్మల మాస్కు ఉన్న పిల్ల చుట్టూ పదిమంది చేరేవారు, ఎవరి మాస్కు ఎవరి మొహానికి ఉందో తెలిసేది కాదు. "అది పెన్సిలు కాదర్రా మార్చుకోవడానికి, తియ్యండి తియ్యండి" అంటూ ఆమె వాళ్ళ వెంట పడేది. సాయంత్రానికి గంట కొట్టే స్తంభం కింద కూర్చుని కాళ్ళు చాపుకుని, "ఆఫీసమ్మా, నాకు వయసు రాలేదే, అలుపొచ్చింది" అనేది. నాకు నవ్వు వచ్చేది కాదు. మా ఇంట్లో ఒక గదిలో గుండెజబ్బు అత్తగారు, ఇంకో గదిలో పక్కింటి నెట్టుతో పాఠాలు వినే కొడుకు, మధ్యలో వంటింట్లో నేను. స్కూలు తెరిచారని సంబరపడాలో భయపడాలో తేలక అన్నిరోజులూ ఒకటే నీరసంగా ఉండేది.

ఇక ఆ తుపాకీ సంగతి. అది పెట్టాల్సింది నుదుటికి. కానీ మా గేటు తూర్పు ముఖం. ఎండలో నడిచొచ్చిన పిల్లల నుదుళ్ళన్నీ పెనాల్లా ఉండేవి. తెరిచిన వారంలోనే ఒకరోజు వరసగా నలభైమందికి జ్వరమని చూపించింది. పెద్ద మేడం తల పట్టుకుంది. మందుల షాపాయన వచ్చి, మణికట్టు దగ్గర చూడండి, సరిగ్గా వస్తుందన్నాడు. చూశాం. తొంభై ఆరు, తొంభై ఆరున్నర, తొంభై ఏడు. నలభైమందీ లోపలికి వెళ్ళిపోయారు. మర్నాటి నుంచి మణికట్టే మా పద్ధతి. టీచర్లయితే మరీ సంతోషించారు. ఆయమ్మ చేత నుదుటికి తుపాకీ పెట్టించుకోవడం వాళ్ళకి నామోషీగా ఉండేది.

మణికట్టు దగ్గర ఆ యంత్రం ఎప్పుడూ తక్కువే చూపిస్తుందని ఆయమ్మకి నాలుగు రోజుల్లో తెలిసిపోయింది. జ్వరం నిజంగా ఉందో లేదో ఆమె చెయ్యే చెప్పేది. బ్యాగు సర్దుతున్నట్టుగా అరచేతి వెనకభాగం పిల్ల మెడకి ఆనించేది. కాలుతోందనుకుంటే ఒక్క క్షణం ఆ పిల్లని తీసుకొచ్చినవాళ్ళ మొహం చూసేది. ఇంట్లో అమ్మమ్మో, తాతో, పనికి వెళ్ళని పిన్నో ఉన్న పిల్లయితే తుపాకీ నుదుటికి వెళ్ళేది, పిల్ల ఇంటికి వెళ్ళేది. ఎవరూ లేని పిల్లయితే తుపాకీ మణికట్టుకే. అలా వచ్చిన పిల్లని నీడలో, విడిగా ఉన్న బెంచీ మీద కూర్చోబెట్టమని టీచరుకి కబురు పంపేది. ఈ పద్ధతి ఎక్కడా రాసి లేదు. ఆమెకి తెలుసు, నాకు తెలుసు. ఆమె చెప్పిన అంకె నేను రాసేదాన్ని.

అలాంటి పిల్లల్లో ఒకతె పిచ్చుక. అసలు పేరు అటెండెన్స్‌లో ఉంటుంది, మేమందరం పిచ్చుకే అంటాం. ఒకటో తరగతి, మాస్కు వేస్తే కళ్ళు కూడా సగమే కనపడేంత చిన్న మొహం. వాళ్ళమ్మ నర్సు. మా వీధి చివర మూతబడ్డ లైబ్రరీలో టీకాలు వేసే కేంద్రం పెట్టారు. అక్కడ సూది వెయ్యడానికి ఉన్నది ఆ అమ్మాయి ఒక్కతే. పేర్లు కంప్యూటరులో ఎక్కించే పెద్దాయన ఇంకొకడు ఉన్నాడు కానీ ఆయన సూది ముట్టకూడదు. పిచ్చుక నాన్న పని ఎక్కడో దూరాన, నెలకోసారి వస్తాడు. చూసుకోవడానికి ఇంట్లో ఇంకెవరూ లేరు.

మందు లేక ఆగిన మూడో డోసు మళ్ళీ మొదలుపెట్టిన సోమవారం ఆ అమ్మాయి పిచ్చుకని ఎత్తుకుని వచ్చింది. ఆరేళ్ళ పిల్లని ఎత్తుకొచ్చిందంటేనే ఆయమ్మకి అర్థమైపోయింది. మెడ మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేసింది.

"ఒళ్ళు కాలిపోతోంది కదమ్మా" అంది గొంతు తగ్గించి.

"తెలుసు పిన్నీ. రాత్రి మందు వేశాను. ఈ ఒక్కరోజు ఉంచండి. బూస్టరు మళ్ళీ మొదలు ఇవాళే, పొద్దున ఆరింటి నుంచి ముసలివాళ్ళు వచ్చి కూర్చున్నారు. నేను రాకపోతే తలుపే తియ్యరు. మధ్యాహ్నానికల్లా వచ్చి తీసుకెళ్ళిపోతా."

ఆయమ్మ నావైపు చూసింది. నేను రిజిస్టరు వైపు చూశాను. తుపాకీ మణికట్టుకి వెళ్ళింది. తొంభై ఏడున్నర అంది. రాశాను. పిచ్చుక వాళ్ళమ్మ భుజం మీంచి దిగి, బ్యాగు ఈడ్చుకుంటూ ఒకటో తరగతి గదిలోకి వెళ్ళింది.

బుధవారం ఒకటో తరగతి టీచరు రాలేదు. గురువారం ఆమెకి ఆ జబ్బే అని తేలింది. శనివారం ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారని తెలిసింది. ఒకటో తరగతి వారం రోజులు మూసేశారు. ఆ తరగతిలో నలుగురు పిల్లలకి కూడా వచ్చింది కానీ దగ్గూ జలుబుతో సరిపోయింది. పిచ్చుకకి రెండు రోజుల్లో జ్వరం తగ్గిందన్నారు. పరీక్ష చేయించారో లేదో మేం అడగలేదు, నర్సు చెప్పలేదు. టీచరుకి మూడో డోసు పడలేదు. రెండో డోసుకి మూడు రోజులు మంచం దిగలేదట, ఉన్న సెలవులన్నీ దానికే పోయాయి, ఇది కూడా వేయించుకుంటే సెలవెక్కడిది అని ఆగింది. ఆయమ్మా అంతే, నేనూ అంతే. శనివారం వేయించుకుంటే ఆదివారం పడుకోవచ్చు అనుకుంటూనే ఎన్ని శనివారాలు వెళ్ళిపోయాయో.

టీచరు ఆస్పత్రిలో ఉన్న పదకొండు రోజులూ ఆయమ్మ అన్నం సరిగా తినలేదు. పొద్దున్నే గేటు తాళం తీసి తిన్నగా నా కిటికీ దగ్గరికి వచ్చేది. "ఏమన్నా తెలిసిందా?" అనేది. "అలాగే ఉందట" అనేదాన్ని. వెళ్ళి తుపాకీ పట్టుకునేది. అంకె చెప్పే గొంతు సగమైపోయింది, రెండోసారి అడిగితేగాని నాకు వినపడేది కాదు.

ఆరో రోజో ఏడో రోజో, "పెద్ద మేడంతో చెప్పేస్తాను ఆఫీసమ్మా" అంది.

"ఏమని?"

"ఆ పిల్లకి జ్వరమని తెలిసే పంపానని. ఆ టీచరమ్మకి ఏమన్నా అయితే ఆ ఇంటి మొహం నేనెలా చూడను?"

నాకు భయమేసింది. టీచరు గురించి కాదు. రిజిస్టరులో తొంభై ఏడున్నర అని ఉన్నది నా దస్తూరీ. "ఇప్పుడు చెప్పి ఏం లాభం? నీ పనీ పోతుంది, నా పనీ పోతుంది, ఆవిడకి ఊపిరి మాత్రం తిరిగి రాదు" అన్నాను. మాట బయటికొచ్చాక నాకే అసహ్యమేసింది. ఆమె బకెట్లో గుడ్డ ముంచి, పిండి, మెట్ల కమ్మీ తుడవడానికి వెళ్ళింది.

పన్నెండో రోజు టీచరుని ఇంటికి పంపేశారు. మరో వారానికి, పలకరించడానికి రావచ్చని కబురొచ్చింది. ఇద్దరం కలిసే వెళ్ళాం. నేను పెద్ద మేడంకి చెప్పొద్దన్న మాటని ఆయమ్మ టీచరుకి చెప్పబోతోందని నాకు తెలుసు. వద్దనడానికి ఈసారి నోరు రాలేదు. టీచరు తలుపు లోపల కుర్చీలో కూర్చుంది, మేం బయట మెట్ల మీద. మనిషి సగమైపోయింది. రెండు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటోంది.

ఆయమ్మ కుశలం కూడా అడగలేదు. "టీచరమ్మా, ఆ సోమవారం పిచ్చుకకి ఒళ్ళు కాలింది. నాకు తెలుసు. తెలిసే చెయ్యి చూసి మీ గదిలోకి పంపాను. మీరు తిట్టినా పడతాను, కొట్టినా పడతాను" అనేసింది.

టీచరు ముందు ఊపిరి కూడదీసుకుంది. తర్వాత, "ఆ సోమవారం నన్నెక్కడ చూశావు ఆయమ్మా? నుదురా, చెయ్యా?" అంది.

"చెయ్యే కదమ్మా. మీరెప్పుడూ చెయ్యే చాపుతారు."

"అవును, చాపాను. నాకు శనివారం నుంచే గొంతు గరగర. ఆదివారానికి జ్వరం. సెలవుల్లేవు. మాత్ర మింగి వచ్చి నీ ముందు చెయ్యి చాపాను. నువ్వు తొంభై ఆరున్నర అన్నావు. నేను నిజంగానే బాగున్నానేమో అని ఆ అంకెని నమ్మాలనిపించింది. పిల్లల మధ్య కూర్చున్నాను, ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని రాయించాను." దగ్గు వచ్చింది, ఆగింది. "అక్కడ ఆ గొట్టం ముక్కులో పెట్టుకుని పడుకుని, ఆ పిల్లల్లో ఎవరికేమైందో అని ఏడ్చేదాన్ని. నువ్వేమో నాకోసం ఏడుస్తున్నావా?"

తిరిగి వచ్చేటప్పుడు ఆయమ్మ తల దించుకునే నడిచింది. నాకు మాత్రం మోస్తున్న మూట దించినట్టుంది. "విన్నావుగా, ఆవిడకి అంతకుముందే ఉంది. నువ్వు పంపిన పిల్ల వల్ల కాదు. ఇక మనసులోంచి తీసెయ్యి" అన్నాను.

"తీసేద్దును" అంది ఆయమ్మ. "నేను పంపిన పిల్ల వల్ల టీచరమ్మకి రాలేదు. సరే. నేను పంపిన టీచరమ్మ వల్ల నలుగురు పిల్లలకి వచ్చింది. పిల్లని తెలిసి పంపాను, ఆవిణ్ణి తెలియక పంపాను. ఏదయినా గేటు నాదే కదే."

మర్నాటి నుంచి ఆమె తుపాకీ నుదుటికే పెట్టింది. టీచర్లకీ నుదుటికే, చెయ్యి చాపితే కిందికి నెట్టి మరీ. పెద్ద మేడం కూడా తప్పించుకోలేదు. ఎండలో వచ్చిన పిల్లల్ని గోడ నీడన పావుగంట కూర్చోబెట్టి, మొహాలు కడిగించి, అప్పుడు చూసేది. తొంభై తొమ్మిది దాటితే అమ్మమ్మ ఉందా లేదా అని అడగడం మానేసింది. రెండు వారాల్లో పదిహేడు మందిని వెనక్కి పంపింది. తల్లులు బతిమాలారు, తండ్రులు అరిచారు. ఒకాయన, "ఏమే, రెండు మాస్కులు పెట్టుకుంటే డాక్టరమ్మవి అయిపోయావా?" అన్నాడు. పడింది. పిల్లలు కూడా చేతులు పైకెత్తడం మానేశారు, తుపాకీ చూసి నిజంగానే భయపడుతున్నారు. ఆమె నలిగిపోతున్నది నాకు కనపడుతూనే ఉంది. ఏం చెయ్యాలో మాత్రం తోచలేదు.

టీచరు సంగతి చూశాక పెద్ద మేడంకి కూడా భయం పట్టుకుంది. సిబ్బంది అందరూ మూడో డోసు వేయించుకోవాల్సిందేనని, రోజుకి ఇద్దరికి చొప్పున మధ్యాహ్నం సెలవు ఇచ్చింది. నాదీ ఆయమ్మదీ శుక్రవారం. ఇద్దరి పేర్లూ కేంద్రంలో ముందే రాయించాను. ఆ శుక్రవారం పొద్దున ఎనిమిదిన్నరకి నర్సు పిచ్చుక చెయ్యి పట్టుకుని వచ్చింది. పిల్ల నడిచే వచ్చింది, మాస్కు వెనక ముక్కు ఎగబీలుస్తోంది.

ఆయమ్మ పావుగంట నీడలో కూర్చోబెట్టింది. మొహం కడిగింది. నుదుటికి పెట్టింది. చూసి, అంకె చెప్పకుండా ఇంకోసారి పెట్టింది.

"ఎంత?" అన్నాను కిటికీలోంచి.

"తొంభై తొమ్మిదిన్నర."

నర్సు బతిమాలలేదు. "వట్టి జలుబు పిన్నీ" అంది ఒక్కసారి. ఆయమ్మ తల అడ్డంగా ఊపింది. ఆ అమ్మాయి పిల్ల బ్యాగు తన భుజానికి తగిలించుకుని, మాస్కు సర్దుకుని, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయింది. ఆయమ్మ తర్వాతి పిల్లని పిలిచింది. నేను తొంభై తొమ్మిదిన్నర అని రాసి, పక్కన 'ఇంటికి' అని రాశాను. రూలు ప్రకారం అంతా సవ్యంగానే జరిగింది. ఏదో మరిచిపోయానని మాత్రం అనిపించింది, ఏమిటో వెంటనే తట్టలేదు.

మధ్యాహ్నం ఒంటిగంటకి ఇద్దరం లైబ్రరీ దగ్గరికి వెళ్ళేసరికి అర్థమైంది. తలుపు మూసి ఉంది. పేర్లు ఎక్కించే పెద్దాయన మెట్ల మీద నిలబడి అందరికీ చేతులు జోడిస్తున్నాడు. బయట ముప్పై మందికి పైగా ఉన్నారు, అందరూ ముసలివాళ్ళే. ఒకావిడ చక్రాల కుర్చీలో, నెత్తిన తడిగుడ్డ వేసుకుని. కొందరు పొద్దుటినుంచీ అక్కడే ఉన్నారు. ఫ్రిజ్జులో మందు ఉంది, వేసే మనిషి లేదు.

"మొన్నటి దాకా మందు లేదన్నారు, ఇవాళ మనిషి లేదంటారు" అంటున్నాడు ఒక ముసలాయన. "ఆ నర్సుకి హాయిగా ఇంట్లో పడుకోవాలనిపించింది కాబోలు. మనం చస్తే ఎవడికి పట్టింది!"

నేను ఆయమ్మ మోచెయ్యి పట్టుకున్నాను. ఆమె విడిపించుకుంది.

"ఆ అమ్మాయిని అనకండి బాబుగారూ. పిల్లకి జ్వరం. బడికి తీసుకొస్తే వెనక్కి పంపింది నేనే" అంది.

"ఎంతుందేమిటి జ్వరం?"

"తొంభై తొమ్మిదిన్నర."

ఆయన ఆమెని కిందినుంచి పైదాకా చూశాడు. "అర డిగ్రీకి ఇంతమందిని ఎండబెట్టావా తల్లీ" అన్నాడు. కోపంగా కూడా అనలేదు, అదే బాధ. ఆయమ్మ చక్రాల కుర్చీలో ఆవిడ నెత్తిమీది గుడ్డ ఆరిపోతే, తన సీసాలో నీళ్ళు దాని మీద పోసింది. తర్వాత వెనక్కి తిరిగి నడక మొదలుపెట్టింది. ఎక్కడికి అని నేను అడగలేదు, వెంట నడిచాను.

నర్సు ఇల్లు రెండో సందులో మేడ మీద ఒక గదీ వంటిల్లూ. మమ్మల్ని చూసి ఆ అమ్మాయి తడిచేతులతోనే తలుపు దగ్గరికి వచ్చింది. లోపల మంచం మీద పిచ్చుక కూర్చుని ఏదో బొమ్మ గీస్తోంది.

"నువ్వు వెళ్ళి తలుపు తియ్యి. పిల్ల దగ్గర నేను కూర్చుంటాను" అంది ఆయమ్మ.

"వద్దు పిన్నీ. మీకింకా మూడోది పడలేదు. ఇవాళ లిస్టులో మీ పేరుంది, నాకు తెలుసు. దీనికి ఏమొచ్చిందో నాకే తెలీదు."

"నాకూ తెలీదు. తెలియకుండానే పొద్దున వెనక్కి పంపాను. తెలియకుండానే కూర్చుంటాను."

నర్సు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పొద్దున మీమీద ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. దారంతా తిట్టుకుంటూనే వచ్చాను" అంది.

"వస్తుంది మరి. రాకపోతే నువ్వు మనిషివేనా? వెళ్ళు, వాళ్ళు ఎండలో ఉన్నారు."

"అయితే ముందు మీరు నాతో వచ్చి సూది వేయించుకోండి. ఆ తర్వాత..."

"ఆ తర్వాత దీని దగ్గర ఎవరుంటారు?"

అక్కడ ఇంకో మనిషి ఉంది, నేను. నేను కూర్చుంటాను, మీరిద్దరూ వెళ్ళిరండి అంటే సరిపోయేది. అరగంట పని. ఇంట్లో గుండెజబ్బు అత్తగారు ఉన్నారు, నిజమే. పరీక్షలకి చదువుకునే కొడుకున్నాడు, అదీ నిజమే. కానీ అవి రెండూ నాకు తట్టింది తర్వాత. ముందు వచ్చింది భయం. నేను నీళ్ళు నములుతుంటే ఆయమ్మ చెప్పులు విప్పేసి లోపలికి వెళ్ళిపోయింది. నేను గడప అవతలే ఉన్నాను.

నర్సు వెనకాలే నేనూ లైబ్రరీకి వెళ్ళాను. వెళ్తుంటే ఆమె ఒక మాట చెప్పింది. తనలాంటి ఆస్పత్రివాళ్ళు తప్ప, జ్వరం ఉన్న మనిషితో గదిలో కూర్చున్నవాళ్ళెవరూ వారం రోజులు బయటికి రాకూడదు, టీకా కూడా ఆ వారం అయ్యాకే. ఆ సంగతి ఆయమ్మకి తెలియకపోవడమేం, గేటు దగ్గర ఆ కాగితం తల్లులకి చదివి వినిపించేదే ఆమె. తలుపు తీయగానే ముసలాయన, "వచ్చావా తల్లీ" అన్నాడు. పొద్దుటినుంచీ తిట్టినవాళ్ళంతా లేచి దారి ఇచ్చారు. ఆ అమ్మాయి చేతులు కడుక్కుని మొదలుపెట్టింది, కుర్చీలో కూర్చోలేదు. ముప్పై ఆరో మనిషిని నేను. జబ్బ మీద దూది అదిమిపెట్టి పేరెక్కించే పెద్దాయన దగ్గరికి వెళ్తే, ఆయన జాబితాలో నా పేరు కింది పేరు వేలితో చూపించి, "ఈవిడ రాలేదా?" అన్నాడు. రాలేదన్నాను.

తిరిగి వెళ్ళేటప్పుడు ఆ మేడ ఎక్కాను. తలుపు తట్టడానికి మనసు రాక కిటికీ దగ్గర నిలబడ్డాను. పిచ్చుక నిద్రపోయింది. ఆయమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. రెండు మాస్కులూ ఉన్నాయి. నన్ను చూసి లేచి, మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా కిటికీ దగ్గరికి వచ్చింది.

"అందరికీ వేసిందా?"

"చివరివాళ్ళకి వేస్తోంది. ఇంకో అరగంటలో వచ్చేస్తుంది."

"ఆ చక్రాల కుర్చీ ఆవిడకి?"

"మొదట ఆవిడకే."

"నీకు?"

"వేసింది" అన్నాను. ఆ మాట చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. "ఆయమ్మా, నేను కూర్చుంటానని అనాల్సింది" అన్నాను.

"ఇంట్లో పెద్దావిడ ఉందిగా. నాకెవరున్నారు?" అంది, నన్ను ఓదార్చడానికన్నట్టు. అది నాకు ఇంకా ఎక్కువ గుచ్చుకుంది. "పిల్లకి చెమట పట్టింది, ఒళ్ళు చల్లబడింది. వట్టి జలుబేనేమో. అయినా వారం నేను రాకూడదు కదా. సోమవారం నుంచి గేటు దగ్గర నువ్వు నిలబడాలి. తుపాకీ నా బీరువాలో ఉంది, పెద్ద మేడంకి చెప్పి తీసుకో."

పదిహేనేళ్ళుగా నేను కిటికీ లోపలిదాన్ని. ఎవరో చెప్పిన అంకె రాసినదాన్ని. ఎదురుగా ఒక తల్లి పిల్లని ఎత్తుకుని నిలబడితే, ఈ ఒక్కరోజు అంటే, లోపలికి పంపాలో వెనక్కి పంపాలో నేను తేల్చాలా? వెనక్కి పంపితే ఎవరి తలుపు మూతపడుతుందో, పంపకపోతే ఎవరి ఊపిరి ఆగుతుందో నాకేం తెలుసు? కిటికీ చువ్వ పట్టుకున్నాను.

"నాకు చేతకాదు ఆయమ్మా" అన్నాను.

"నాకు మాత్రం చేతనయ్యిందా?" అంది ఆమె. పిల్ల లేస్తుందని కిటికీ రెక్క దగ్గరగా వేసింది.